చప్పుడు చేసే చక్రాలు

ఆదివారం పొద్దున్న నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర లెక్కల టీచరు సైకిలు మీంచి పడింది. పడుతూ కూడా ఆమె వెనక్కే చూస్తోంది. ఆ చూపు తన మీదేనని పళ్ళ డాక్టరుకి తెలుసు. ఎందుకు చూస్తోందో కూడా తెలుసనే అతను అనుకున్నాడు, పాపం.

వాళ్ళది ఆదివారాలు సైకిళ్ళు తొక్కే ఓ చిన్న బృందం. ముందు టీచరు, ఆమె వెనక డాక్టరు, ఆ వెనక బ్యాంకు మేనేజరూ మిగతావాళ్ళూ. దారి పొడుగునా టీచరు మాటిమాటికీ వెనక్కి తిరిగేది. తిరిగినప్పుడల్లా కనుబొమలు ముడిపడేవి. ఇంకో కుర్రాడయితే ఆ ఒక్క చూపుతో వారం రోజులు గాల్లో తేలేవాడు. డాక్టరు మాత్రం తను నత్తలా వస్తున్నానని ఆమెకి చిరాకని తేల్చుకున్నాడు. రోజంతా ఎదుటివాళ్ళ నోళ్ళలో లోపాలు వెతికే మనిషికి తనలో ఒకటి దొరికితే ఇంక వదులుతాడా?

"దెబ్బ గట్టిగా తగిలిందాండీ?" అంటూ సైకిలు పడేసి పరిగెత్తాడు.

"లేదండీ. రోడ్డు గట్టిగా ఉందో లేదో చూశాను," అంది ఆమె మోచెయ్యి ఊదుకుంటూ. గుంతలో పడిన ముందు చక్రం వంకరపోయింది. "ఇది రెండోసారి. మూడోసారి పడితే సైకిలు మానేస్తానని మా నాన్నకి మాటిచ్చాను. మాటిస్తే తప్పను, అదొక జబ్బు నాకు."

ఆ మాట వినగానే డాక్టరు గుండెల్లో రాయి పడింది. ఆమె కనబడేదే వారానికి ఒక్క పూట. అదీ ఎక్కువగా వీపు, హెల్మెట్టు, అప్పుడప్పుడూ ఆ ముడిపడిన కనుబొమలు. ఆ పూట కాస్తా పోతే తన వారంలో మిగిలేవి పుచ్చిపళ్ళే.

తను వెనకబడుతున్నాడు కాబట్టి ఆమె తిరిగి చూస్తోంది. తిరిగి చూస్తోంది కాబట్టి పడుతోంది. కాబట్టి తను వేగం పెంచాలి. వేగానికి మంచి చక్రాలు కావాలి. లెక్కల టీచరు చూస్తే మెచ్చుకునేంత వరసగా ఉంది లెక్క. మొదటి మెట్టే తప్పు, అంతే.

వారమంతా పేషెంటుకీ పేషెంటుకీ మధ్య ఫోనులో చక్రాల గురించే చదివాడు. రిమ్ము లోతెంత, బరువెంత, కార్బన్ మంచిదా అల్యూమినియం మంచిదా అని తలమునకలయ్యాడు.

"ఉన్న చక్రాలు తిరగడం లేదా?" అంది వాళ్ళమ్మ అన్నం వడ్డిస్తూ.

"తిరుగుతున్నాయమ్మా."

"మరి?"

"ఇంకా బాగా తిరగాలి."

"నీ వయసుకి తిరగాల్సింది చక్రాలు కాదురా," అంది ఆవిడ. కొడుకు విననట్టు మజ్జిగ పోసుకున్నాడు.

శనివారం సాయంత్రం క్లినిక్కు కట్టేసి సైకిల్ షాపుకి వెళ్ళేసరికి అక్కడ టీచరు ఉంది. ఆమె వంకర చక్రాన్ని స్టాండుకి బిగించి, షాపు యజమాని ఒక్కొక్క స్పోకూ బిగిస్తున్నాడు. ఊరందరికీ ఆయన బాబాయే.

"మీరేంటిక్కడ?" అంది టీచరు.

"చక్రాలు మార్చుదామని..." అన్నాడు డాక్టరు, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

"ఈయన సైకిలుకి చక్రాలా!" అన్నాడు బాబాయి. "అమ్మా, ఈయన చైను టూత్ బ్రష్షుతో తోముతాడు. ఆ సైకిలు వీధిలో వెళ్తుంటే కుక్కలకి కూడా తెలీదు. నలుగురూ దీన్ని చూసి నేర్చుకోవాలి."

డాక్టరు సిగ్గుపడ్డాడు. టీచరు మాత్రం చిత్రంగా నిట్టూర్చింది.

బాబాయి మూడు జతలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. డాక్టరు తిన్నగా మొదటి జత దగ్గరికి వెళ్ళాడు. నల్లటి కార్బన్, అరచేతి వెడల్పంత లోతు రిమ్ము. తిప్పితే గాలి కదిలిన చప్పుడు కూడా లేదు.

"ఇదండీ! ఎంత నిశ్శబ్దమో చూడండి. రోజంతా డ్రిల్లు మోత విని విని చెవులు చిల్లులు పడ్డాయి నాకు. ఆదివారం ఒక్క పూటయినా..."

"వద్దు," అంది టీచరు.

"ఎందుకండీ?"

"వంతెన మీద గాలి అడ్డంగా కొడుతుంది కదా. అంత లోతు రిమ్ము గాలికి తెరచాపలా నిలబడుతుంది. మీరు నా వెనక కాదు, కాలవలో ఉంటారు."

అదీ నిజమే. డాక్టరు రెండో జత తిప్పాడు. తేలిక, లోతు తక్కువ, ఇదీ మూగదే. టీచరు మొహం చిట్లించి మూడో జత అందుకుంది. లోతు మధ్యస్థం, బరువూ మధ్యస్థం. కాస్త ఎత్తి పట్టుకుని చేత్తో గట్టిగా తిప్పింది.

కిర్‌ర్‌ర్‌ర్‌ర్ మని షాపంతా మోగింది.

"దీని నడిమధ్య ఉండే హబ్ అంతేనమ్మా," అన్నాడు బాబాయి చెవి మూసుకుని. "తొక్కుతున్నంతసేపూ నోరెత్తదు. కాళ్ళు ఆపితే చాలు, ఊరంతా వినబడుతుంది. తీసుకెళ్ళినాయన వారం తిరక్కుండా తిరిగిచ్చేశాడు. ఇంట్లోకి రావద్దని వాళ్ళావిడ వీధి చివరే ఆపేసిందట."

టీచరు వింటే కదా! కళ్ళు మూసుకుని, చక్రం పూర్తిగా ఆగేదాకా చెవి ఒగ్గి నిలబడింది. తరువాత మళ్ళీ తిప్పింది. కళ్ళు తెరిచేసరికి ఆ మొహంలో, మొద్దబ్బాయి ఒక్కసారిగా లెక్క సరిగ్గా చేసినప్పటి సంతోషం ఉంది.

"ఇదే తీసుకోండి."

"దీన్నా? ఎందుకు?"

"రంగు బాగుంది."

అది నలుపు. మిగతా రెండు జతలూ నలుపే. వారం రోజులు గ్రాములూ మిల్లీమీటర్లూ కంఠతా పట్టిన డాక్టరు ఒకసారి చక్రాన్ని చూశాడు, ఒకసారి ఆమెని చూశాడు.

"అవునండీ, రంగు బాగుంది," అన్నాడు.

బాబాయి వాళ్ళిద్దరినీ చూసి, స్పోకులు బిగించే పనిలో తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం చక్రాలు మోగించుకుంటూ ఇంటికొస్తే వాళ్ళమ్మ చేతిలో గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. "ఏమిట్రా అది? చక్రాల్లో కీచురాళ్ళు దూరాయా?"

"హబ్ అమ్మా."

"డబ్బిచ్చి కొన్నావా, వాళ్ళే వదిలించుకున్నారా?"

ఆ రాత్రి డాక్టరుకి అసలు భయం పట్టుకుంది. ముందున్న మనిషి గాలికి అడ్డుగా వెళ్తుంటే వెనకున్నవాడు మధ్యమధ్య కాళ్ళు ఆపి హాయిగా రావచ్చు. ఆర్నెల్లుగా అతను చేస్తున్నది అదే. నిజానికి అతను నత్తేం కాదు. ఎప్పుడంటే అప్పుడు ఆమెని దాటగలడు. దాటితే ఆమె కనబడదు కాబట్టి దాటలేదు, అంతే. దాటకుండానే జోరుగా ఉన్నట్టు కనబడాలనే ఈ చక్రాలు కొన్నాడు. ఇప్పుడు కాళ్ళు ఆపితే ఈ మాయదారి చక్రం ఊరంతా చాటుతుంది. ఆమె కష్టపడుతుంటే తను వెనక కులాసాగా జారుతున్నాడని తెలిసిపోతుంది.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాడు. ఏమైనా సరే, కాళ్ళు ఆపకూడదు.

మర్నాడు పొద్దున్న మబ్బు పట్టింది. ట్యాంకు మలుపు దాకా అతను ఆపకుండా తొక్కాడు. పల్లంలో తొక్కాడు. ఆమె చక్రానికి తన చక్రం తగిలేలా ఉంటే, ఒక చేత్తో బ్రేకు నొక్కుతూ మరీ తొక్కాడు. చెమటలు కారిపోతున్నాయి. చక్రం మాత్రం కిక్కురుమనలేదు.

టీచరు వెనక్కి తిరిగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

డాక్టరు ఇంకా జోరుగా తొక్కాడు.

ఆమె మళ్ళీ తిరిగింది. ఈసారి ముడి ఇంకా బిగిసింది. చినుకులు మొదలయ్యాయి. వంతెన దిగుతుండగా మూడోసారి తిరిగింది. అప్పుడు ఆమె ముందు, నీళ్ళు నిండిన గుంత.

"గుంత! గుంతండీ!" అని అరిచి డాక్టరు ఉన్నపళంగా కాళ్ళు ఆపేశాడు. పొద్దున్నించీ దిగమింగుకున్న మోతంతా చక్రం ఒక్కసారిగా కక్కింది. ఆమె హ్యాండిల్ తిప్పింది, చక్రం గుంత అంచు మీదుగా జారి, ఎలాగో నిలదొక్కుకుంది. పడలేదు. రోడ్డు పక్కన ఆపి, సైకిలు దిగి, నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఎందుకు మోగడం లేదు?"

"ఏమిటండీ?"

"మీ చక్రం! పొద్దున్నించీ ఎందుకు మోగడం లేదు?"

"తొక్కుతున్నాను కదండీ."

"ఎందుకు తొక్కుతున్నారు?"

డాక్టరు నోరు తెరిచాడు. ఇలాంటి ప్రశ్న సైకిలు మీద కూర్చున్న మనిషిని ఎవరూ అడిగి ఉండరు. "సైకిలు తొక్కక ఏం చేస్తారండీ?"

"అందరిలా అప్పుడప్పుడూ కాళ్ళు ఆపుతారు! ఆపితే మోగుతుంది. మోగాలనే కదా అంత గోల చక్రం కొనిపించాను!" అంది ఆమె. "నేను బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే ఎవడు బిస్కెట్టు తింటున్నాడో చెబుతాను. మేనేజరుగారి చైను కీచుమంటుంది, ఆయన వెనకాయన సీటు కిర్రుమంటుంది. అందరూ వినబడతారు. మీరొక్కరే వినబడరు. టూత్ బ్రష్షుతో తోముతారట! మీరు ఉన్నారో, పక్క సందులోంచి ఇంటికెళ్ళిపోయారో తెలియాలంటే నేను తిరిగి చూడాలి. చూస్తే పడతాను. పడితే మానేయాలి."

వాన కొంచెం పెరిగింది. ఇద్దరిలో ఎవరూ దాని సంగతి పట్టించుకోలేదు.

"మేనేజరుగారు ఇంటికెళ్ళిపోతే?" అన్నాడు డాక్టరు మెల్లిగా.

"వెళ్ళనివ్వండి. నాకేం?"

అప్పటికి అర్థమైంది డాక్టరుకి. కళ్ళద్దాల మీద వాననీళ్ళు తుడుచుకున్నాడు. ఆర్నెల్లుగా ఆ ముడిపడిన కనుబొమల్ని తలుచుకుని తను పడ్డ సిగ్గంతా వృథా అయినందుకు అతనికి చెప్పలేనంత ఆనందం కలిగింది.

"నేను నెమ్మదిగా వస్తున్నానని మీకు చిరాకేమో అనుకున్నాను. అందుకే చక్రాలు."

"నెమ్మదా? పల్లంలో బ్రేకు నొక్కుతూ వస్తారు మీరు, చూశాను. దాటగలిగి కూడా ఎందుకు దాటరు?"

"దాటితే మీరు కనబడరండీ."

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. లెక్కల టీచర్లకి కూడా అప్పుడప్పుడూ జవాబు ముందే తెలియదన్నమాట.

వెనకనుంచి కీచుమంటూ మేనేజరు వచ్చాడు. "ఏమైంది? పంక్చరా?"

"కాదండీ. మీరు వెళ్తూండండి," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆయన వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు. అదృష్టవశాత్తూ గుంతలో పడలేదు.

"అయితే ఇప్పుడెలా?" అంది ఆమె. "మీరు వెనక ఉంటే నేను పడతాను. ముందు ఉంటే మీకు కనబడను."

"పక్కన వస్తే?"

ఆమె కాసేపు ఆలోచించినట్టు నటించింది. "నువ్వు కాళ్ళు ఆపి రావాలి మరి. మోగాలి."

ఆ ‘నువ్వు’ డాక్టరు చెవిన పడింది. వెంటనే సైకిలెక్కాడు.

డాక్టరు వాళ్ళమ్మకి ఆ రోజు వీధి మలుపు నుంచే మోత వినబడింది. కాస్త ఆగేది, మళ్ళీ అందుకునేది. ఎంతసేపటికీ గుమ్మం దాకా రాదు. ఆవిడ గరిటె పట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. వీధి మధ్యన రెండు సైకిళ్ళు పక్కపక్కనే, నడిచేవాళ్ళు దాటిపోయేంత నింపాదిగా వస్తున్నాయి. ఒకడు కాళ్ళు ఆపి కూర్చున్నాడు. రెండో సైకిలు మీది అమ్మాయి నవ్వుతోంది. ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు.

"వేగంగా వెళ్ళడానికని కదరా కొన్నావు?" అంది ఆవిడ.

కొడుకు తల దించుకున్నాడు. అమ్మాయి గబగబా సైకిలు దిగి నమస్కారం పెట్టింది.

ఆవిడ అమ్మాయిని చూసింది, అమ్మాయి మోచేతి మీద మానిన గాయం చూసింది, కొడుకు ఎర్రబడ్డ చెవులు చూసింది.

"ఈ గోల చక్రాలు కొనిపించింది నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ. మీకు ఇబ్బందిగా ఉంటే..."

"ఉండనీ," అంది ఆవిడ గేటు బార్లా తెరుస్తూ. "వీడు ఇంట్లో ఉన్నాడో లేడో నాకూ ఇన్నాళ్ళూ తెలిసేది కాదు. రండి, తలలు తుడుచుకుందురుగాని."