తీగ కదిపిందెవరు

"ఇది బాగా కనిపిస్తోందా? ఇదా? ఒకటా, రెండా?"

రోజుకి ముప్ఫైమందిని నేనడిగే ప్రశ్న ఇది. కళ్లద్దాల షాపులో నా ఉద్యోగం అదే. ఎదుటివాళ్ల ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేస్తూ ఈ ప్రశ్న అడగాలి. జనం టక్కున చెప్పేస్తారు. అదే ప్రశ్న నన్నెవరైనా అడిగితే మాత్రం నాకు ముచ్చెమటలు పోస్తాయి.

అలాంటి నన్ను, గడ్డి కోసే రోబో కొనుక్కురమ్మని మా ఇంట్లోవాళ్లు పంపించారు.

నాన్న నలభై ఏళ్లు దర్జీ పని చేసి మానేశాడు. మోకాళ్లు అరిగిపోయాయి, గడ్డి కోసే మెషిన్ ఇక తొయ్యద్దని డాక్టరు చెప్పాడు. నేను తోస్తానంటే, "నువ్వు కోసిన గడ్డి చూస్తే ఎలుకలు కొరికిన గుడ్డ గుర్తొస్తుందిరా" అంటాడు. అందుకని రోబో.

షాపులో రోబోలు తాబేళ్లలా బారుగా కూర్చుని ఉన్నాయి. వాటి పక్కన, కంపెనీ చొక్కా వేసుకుని, నడుముకి కొలతల టేపు తగిలించుకుని ఒక అమ్మాయి నిలబడింది.

"మీ లాన్ ఎంత ఉంటుంది సార్?"

"మామూలుగానే ఉంటుందండీ."

"మామూలు అంటే?"

రెండు చేతులూ చాపి చూపించాను. ఆ అమ్మాయి నా చేతుల మధ్య దూరం శ్రద్ధగా చూసింది. "అంతే అయితే కత్తెర చాలు సార్."

ఆమె నవ్వలేదు. నవ్వుంటే నేనూ నవ్వేసి ఊరుకునేవాణ్ణి.

"రెండు రకాలున్నాయి," అంది. "మొదటి దానికి లాన్ చుట్టూ నేలలో తీగ వేస్తాం. ఆ తీగే దానికి హద్దు. రెండోదానికి తీగ అక్కర్లేదు, ఉపగ్రహం చూసుకుని నడుస్తుంది. ఒకటా, రెండా?"

ముచ్చెమటలు మొదలయ్యాయి. మొదటిదాని దగ్గరికి వెళ్లాను. రెండోదాని దగ్గరికి వెళ్లాను. మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చాను. ఆ అమ్మాయి ఇంకో ఇద్దరికి రోబోలు అమ్మేసి తిరిగొచ్చింది.

"సార్, మీరీ రెండింటి మధ్యా నడిచిన దూరానికి ఈపాటికి మీ లాన్ కోసేసి ఉండేవారు."

"అలా కాదండీ. మా లాన్లో రెండు పెద్ద చెట్లున్నాయి, వాటి గురించి ఆలోచిస్తున్నా."

"చెట్లున్నాయా?" కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను చూసింది. "చెట్ల కింద ఆకాశం సరిగ్గా కనిపించదు. ఉపగ్రహం నమ్ముకుంటే దారి తప్పుతుంది. తీగ ఉన్నదే తీసుకోండి."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా."

"చెట్ల మాట మీరు ముందే చెప్పుంటే చెప్పేదాన్ని."

తీగ ఉన్నదానికే డబ్బు కట్టి, కోపంగా ఇంటికొచ్చాను. అన్నం తింటున్నప్పుడు తెలిసింది, రోబో రంగు ఏమిటో నాకు గుర్తులేదు. ఆ అమ్మాయి కళ్లద్దాలు మాత్రం కుడివైపు కాస్త కిందికి జారి ఉన్నాయని గుర్తుంది. ఇది వృత్తి వల్ల వచ్చిన అలవాటా, ఇంకేదన్నానా అన్నది ఎంతకీ తేలలేదు.

శనివారం ఉదయం బిగించడానికి ఆ అమ్మాయే వచ్చింది. ఛార్జింగు గూడు గోడ పక్కన పెట్టింది. తర్వాత లాన్ చుట్టూ మోకాళ్ల మీద జరుగుతూ, అంచు నుంచి పన్నెండంగుళాలు కొలుచుకుంటూ, మేకులతో తీగ దించుకుంటూ పోయింది. గూడు దగ్గర మూరెడు తీగ మిగిల్చి చుట్ట చుట్టి వదిలింది.

నాన్న వరండాలో కుర్చీ వేసుకుని, మ్యాచ్ చూస్తున్నట్టు చూశాడు.

"చెయ్యి తిరిగిన పనేనమ్మా," అన్నాడు చివరికి. నలభై ఏళ్లలో ఆ మాట ఆయన నోట నాలుగుసార్లకి మించి వచ్చి ఉండదు.

"ఇంకా ట్రైనింగులోనే ఉన్నానంకుల్. మీది నేను ఒంటరిగా చేసిన ఆరో ఇల్లు."

"ఆరో చొక్కాకి నేను కాలరు తలకిందులుగా కుట్టాను. నువ్వు నయం, ఇంజనీరమ్మా."

రోబో గూట్లోంచి బయటికొచ్చి, కాసేపు ఆలోచించి, చెట్టు వైపు బయల్దేరింది. నాన్న దానికి గొర్రె అని పేరు పెట్టాడు. నేను ధైర్యం చేశాను.

"మీ కళ్లద్దాలు ఒక్క నిమిషం ఇస్తారా? కుడివైపు జారుతున్నాయి."

ఆమె అనుమానంగానే ఇచ్చింది. జేబులో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవరుతో మర బిగించి, చెవి మీది కొమ్ము కాస్త వంచి ఇచ్చాను. పెట్టుకుని, ముందు చెట్టు వంక చూసి, గొర్రె వంక చూసి, ఆఖరికి నా వంక చూసింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఇప్పటిదాకా మీరు కొంచెం వంకరగా కనిపించారు," అంది.

ఆ మాటకి అర్థం ఏమిటని నేను నాలుగు రోజులు ఆలోచించాను.

అయిదో రోజు అమ్మ పిలిచింది. "పూలపాదు వైపు అంచున గడ్డి అలాగే ఉండిపోతోందిరా. నీ గొర్రె అక్కడికి పోవట్లేదు."

నిజమే. రెండంగుళాల మేర గడ్డి బార్డరు వేసినట్టు మిగిలిపోయింది. ఫిర్యాదు పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి వచ్చింది. నాన్న మోకాళ్ల వ్యాయామానికి క్లినిక్కి వెళ్లాడు. ఆమె టేపు తీసి కొలిచి, మళ్లీ కొలిచింది.

"పద్నాలుగుంది. నేను పన్నెండు పెట్టాను."

"వాన నీళ్లకి జరిగిందేమో?"

"వాన పడిందా?"

"లేదు."

తీగ జరిపి వెళ్లిపోయింది. నేను గేటు దాకా వెళ్లి, ఏదో అడుగుదామని, ఏమడగాలో తోచక, "టీ తాగుతారా?" అన్నాను. అప్పటికి ఆమె వీధి మలుపు తిరిగింది.

వారం తిరక్కుండా మళ్లీ అదే అంచు, అదే రెండంగుళాలు. మళ్లీ ఫిర్యాదు పెట్టాను. మళ్లీ ఆమె వచ్చింది, మళ్లీ నాన్న క్లినిక్కే వెళ్లాడు. ఈసారి వాన కూడా వచ్చింది. తీగ సగం జరిపేసరికి చినుకులు లావయ్యాయి, ఇద్దరం వరండాలోకి పరుగెత్తాం. ఆమె కళ్లద్దాల మీద నీటి బొట్లు. తుడుచుకోవడానికి నా దగ్గరున్న మెత్తటి గుడ్డ ఇచ్చాను. చూరు నీళ్లు మా ఇద్దరి చెప్పుల మీదా సమానంగా పడుతున్నాయి. నాకు చాలా హాయిగా ఉంది.

"ఒక మాట అడగనా?" అంది, గుడ్డ మడిచి ఇస్తూ. "తీగ మీరే జరుపుతున్నారు కదూ?"

"నేనా? నేనెందుకు జరుపుతాను?"

"నన్ను మళ్లీ రప్పించడానికి."

ఎవరికైనా అదే అనిపిస్తుంది. నాకే అనిపిస్తోంది.

"చూడండి," అంది మెల్లిగా. "మీకిది సరదా కావచ్చు. ఒకే ఇంటికి మూడుసార్లు తిరగాల్సి వస్తే బిగించడం చేతకాలేదని రాస్తారు. నా ఉద్యోగం ఈ నెలాఖరుకి పర్మనెంట్ కావాలి. కాకపోతే ఇంకో ఏడాది ట్రైనింగు, అదీ గోడౌన్లో పెట్టెలు లెక్కపెడుతూ. ఇప్పటికి రెండు."

"ఒట్టు. నేను ముట్టుకోలేదు."

"మరి ఎవరు? గొర్రెనా?"

వాన తగ్గకుండానే మెట్లు దిగి, మిగతా మేకులు తడుస్తూనే దించి వెళ్లిపోయింది. నేను గొడుగు పట్టుకెళ్లాను కానీ ఆమె నా గొడుగు కిందికి రాలేదు. గొడుగు నా మీద పట్టుకోవాలా, ఆమె మీదా అని తేల్చుకునేలోపు ఇద్దరం తడిసిపోయాం.

ఆ రోజు షాపులో ఒక పెద్దాయనకి కుడి కన్ను అద్దం ఎడమ కంటికి పెట్టాను. మనసు మనసులో లేదు. నేను కదపలేదు, అది నిజం. మరి ఫిర్యాదు రాసేటప్పుడు నా వేళ్లకి అంత హుషారెందుకు? రెండోసారి అంచున గడ్డి మిగలగానే అమ్మ కంటే ముందు నేనే ఎందుకు చూశాను? దోషి కాకుండానే దొంగలా అయిపోయాను. ఒకటి మాత్రం నిశ్చయించుకున్నాను. లాన్లో గడ్డి నడుము దాకా పెరిగినా సరే, మూడో ఫిర్యాదు పెట్టను.

ఆదివారం పొద్దున్న ఛార్జింగు గూడు మీద ఎర్ర దీపం వెలిగింది. గొర్రె కదల్లేదు. నేనేమీ నొక్కకముందే ఫోన్లో మెసేజి వచ్చింది: తీగ తెగింది, ఫిర్యాదు దానంతటదే నమోదైంది, రేపు మా మనిషి వస్తారు.

వరండాలోకి పరుగెత్తాను. లాన్లో, గూడు పక్కన, చిన్న పీట వేసుకుని నాన్న కూర్చున్నాడు. చేతిలో ఆయన పాత పెద్ద కత్తెర ఉంది, ఒళ్లో మూరెడు తీగ ఉంది.

"ఏం చేశావు నాన్నా?"

"పోగు వేలాడుతోందిరా. పని అయ్యాక పోగులు కత్తిరించకపోతే ఎలా? పాపం, ఆ పిల్ల మర్చిపోయినట్టుంది."

"అది పోగు కాదు నాన్నా. తర్వాత హద్దు జరపాలంటే ఉండాలని కావాలనే వదిలింది." ఆయన ఒళ్లోని ముక్క తీసుకుని చూశాను. "పూలపాదు వైపు తీగ కూడా నువ్వేనా జరిపింది?"

"జరపడమేమిటి, సరిచేశాను. మరీ గీత మీదికి కోసేసింది. కుట్టుకి రెండంగుళాలు వదలద్దూ? రేపు పూలపాదు పెంచుకోవాలంటే విప్పుకోవడానికి ఏముంటుంది? నేను సరిచేస్తుంటే ఎవరో మళ్లీ వెనక్కి జరుపుతున్నారు. నువ్వే అనుకున్నా."

"నాతో ఒక్క మాట చెప్పచ్చు కదా."

నాన్న నా వంక తప్పు చేసినవాణ్ణి చూసినట్టు చూశాడు. "ఎలా చెబుతాను? ఒక పనివాడి తప్పు ఇంకో పనివాడు ఖాతాదారు ముందు బయటపెట్టకూడదు. చప్పుడు చెయ్యకుండా సరిచేసి ఇవ్వాలి. ఆ పిల్లకి మాట రాకూడదనే కదా, నువ్వు చూడకుండా చేసింది."

ఆయన పక్కనే గడ్డిలో కూర్చున్నాను. ఆ అమ్మాయికి మాట రాకూడదని ఆయన చేసిన పనే ఆమె ఉద్యోగం మీదికి తెచ్చింది. మూడుసార్ల సంగతి, గోడౌన్ సంగతి అంతా చెప్పాను. నాన్న కత్తెర కింద పెట్టి, పీట మీంచి లేచాడు.

"చొక్కా వేసుకురా, వెళ్దాం," అన్నాడు.

"మోకాళ్లు..."

"మోకాళ్ల మీద పాకమన్నారా ఏంటి? ఆటో పిలువు."

రోబోల షాపులో మేనేజరు బల్ల ముందు ఆమె నిలబడి ఉంది. మూడో ఫిర్యాదు అప్పటికే స్క్రీను మీద ఉంది. నన్ను చూడగానే మొహం తిప్పుకుంది.

నాన్న తెగిన తీగ ముక్క బల్ల మీద పెట్టాడు. "ఈ అమ్మాయి పని శుభ్రంగా ఉందండీ. పాడుచేసింది నేను. మూడుసార్లూ నేనే. నాకీ మెషిన్ తెలీదు, గుడ్డ తెలుసు. గుడ్డ అనుకుని చేశాను."

మేనేజరు ఆయన్నీ తీగ ముక్కనీ మార్చి మార్చి చూసి, ఒక కాగితం తీశాడు. "తప్పు వాడినవాళ్లదని మీరు సంతకం పెడితే ఆమె పేరు మీద నుంచి మూడూ తీసేస్తాం. కానీ మీకు వారంటీ పోతుంది. ఇకమీదట మా మనిషి ఎవరూ మీ ఇంటికి రారు. ఆలోచించుకుని చెప్పండి."

మా మనిషి ఎవరూ రారు. ఆ ముక్క నాకు స్పష్టంగా వినిపించింది. పెన్ను తీసుకుని సంతకం పెట్టేశాను. నా జీవితంలో అంత తొందరగా ఏ పనీ చెయ్యలేదు.

ఆమె మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపింది. నాన్న ముందు వెళ్లి ఆటోలో కూర్చున్నాడు.

"మిమ్మల్ని అనుమానించాను," అంది. "సారీ."

"తీగ కదిపింది నేను కాదు," అన్నాను. "కానీ అది కదిలిన ప్రతిసారీ సంతోషపడింది మాత్రం నేనే. మీకు నష్టమని తెలీక సంతోషపడ్డాను. తెలిశాక కూడా, రేపు మీరొస్తారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. అది తప్పే. మీరంటే నాకిష్టం. మిగతావన్నీ నాకు అయోమయంగానే ఉన్నాయి గానీ, ఇందులో మాత్రం అనుమానం లేదు."

ఆమె ఏదో అనబోయింది. లోపల్నుంచి మేనేజరు పిలిచాడు. వెళ్లిపోయింది. అది ఔననా కాదనా అర్థంకాక ఆటోలో దారంతా నాన్నని అడిగాను. "నాకు గుడ్డ తెలుసురా," అన్నాడాయన.

వారమంతా గొర్రె గూట్లోనే పడి ఉంది. గడ్డి పెరిగింది. నెలాఖరు వచ్చింది, వెళ్లింది. ఆమెకి పర్మనెంట్ అయిందో లేదో కనుక్కోవడానికి ఆ షాపు ముందు నుంచి రెండుసార్లు నడిచి, లోపలికి వెళ్లే మొహం లేక తిరిగొచ్చాను.

ఆ తర్వాతి ఆదివారం పదింటికి గేటు చప్పుడైంది. అమ్మ తలుపు తీసింది. నేను వెనక గదిలోంచి విన్నాను.

"నువ్వా అమ్మా? మేమేం ఫిర్యాదు పెట్టలేదే. ఇక పెట్టడానికి కూడా లేదట కదా."

"తెలుసు ఆంటీ. నిన్ననే పర్మనెంట్ ఆర్డరు చేతికొచ్చింది. ఇవాళ నాకు సెలవు."

పరుగెత్తుకుంటూ వచ్చాను. ఆమె ఒంటి మీద కంపెనీ చొక్కా లేదు, నడుముకి టేపు లేదు. అమ్మ నా వంకా ఆమె వంకా చూసింది.

"మరి ఏం పని మీద వచ్చావమ్మా?"

ఆమె కళ్లద్దాలు సర్దుకుని, అమ్మ భుజం మీదుగా నన్నే చూస్తూ చెప్పింది.

"పనేమీ లేదు ఆంటీ. ఊరికే వచ్చాను."