నేలమాళిగలో గోకే పిట్ట

ఆ మ్యూజియం నేలమాళిగకు చెడ్డపేరు. చీకటి పడితే అక్కడ రాతిపిట్ట గోకుతుందట. గర్... గర్... అని. కాపలావాడు మెట్ల దాకా వెళ్లి, ఒకసారి దగ్గి వెనక్కొచ్చేసేవాడు. దెయ్యముంటే తాళం అదే వేసుకుంటుంది లెమ్మనేవాడు.

రాతిపిట్టంటే ఏమిటో ముందు చెప్పాలి. ఏడు కోట్ల ఏళ్ల కిందట బురదలో పడి చచ్చిన పిట్ట. బురద రాయైంది, ఎముకలూ రాయయ్యాయి. పిట్టల్లో ఎవరికెవరు చుట్టమో ఈకలు చూసి చెబితే బోల్తా పడతాం. ఎముకల్నే అడగాలి. కాలి ఎముకను బట్టి, ఇది బాతులకు పెద్దమ్మ అని అక్కడి పరిశోధకురాలు తేల్చింది. అమ్మ కాదు, పెద్దమ్మ. తేడా ఉంది. అది తేల్చడానికి ఆమెకు నాలుగేళ్లు పట్టింది. మర్నాడే నిపుణుల ముందు చెప్పాలి.

రాయి చెక్కి ఎముకల్ని బయటికి తీసేది ఒక పెద్దవయసు పనివాడు. ఆయన్ని ఆమె అన్నయ్యా అనేది. ఆయన చెల్లెమ్మా అనేవాడు.

ఆ పనిలో ఒక కట్టుబాటుంది. రెండు ఎముకల మధ్య కాస్త రాయిని చెక్కకుండా వదలాలి. రెండూ ఒకే పిట్టవనడానికి అదే సాక్ష్యం.

ఆ రాత్రి ఉపన్యాసం రాసుకుంటుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. తుంటికీ కాలికీ మధ్య ఆ రాయిని తను దగ్గరగా చూసిందా? అడిగినప్పుడల్లా అన్నయ్య ఉందిలేమ్మా అన్నాడు. నమ్మేసింది.

గుండె చిక్కబట్టుకుని మెట్లు దిగింది.

గర్... గర్...

తలుపు దగ్గరకు నడిచింది. తలుపు సందులో సన్నటి వెలుగు. గోడ మీద వంగిన నీడ... దానికి పొడుగాటి ముక్కు—

ముక్కు కాదు. ఆకురాయి. పట్టుకున్నది అన్నయ్య.

బల్ల మీద పిట్ట ఉంది. కాలి దగ్గర పాత అతుకు బీటలిచ్చింది. రేపు అందరూ చూస్తారని, దాని అంచులు గీకి, రాతిపొడీ జిగురూ కలిపి మెత్తుతున్నాడు.

"దెయ్యం..." అంది.

"నేనే పుట్టించానమ్మా. ఇటు ఎవరూ రాకూడదని."

"మరి... కాలు?"

"వేరే రాతిలోది," అన్నాడు తలెత్తకుండా. "నువ్వంత ఆశగా అడుగుతుంటే లేదనలేకపోయాను."

తప్పంతా ఆమె ఆశదే అన్నట్టు.

ఆమె బల్ల దగ్గరికొచ్చింది. వంగి, తుంటికీ కాలికీ మధ్య వేలు పెట్టి చూసింది.

ఏడు కోట్ల ఏళ్లనాటి కీలు... ఇంకా తడి ఆరలేదు.