గనికి ఎన్ని రెట్లు

ఆ ఉదయం నాన్న ఐదింటికే లేచి గడ్డం గీసుకున్నాడు. మోకాలి ఆపరేషన్ అయిన ఈ పద్నాలుగు నెలల్లో ఆయన ఎనిమిదింటికి ముందు మంచం దిగిన రోజు లేదు. అక్క వంటింట్లో టీ కాస్తూ, ఆయన చేతికర్ర చప్పుడు హాల్లోంచి గేటు దాకా వెళ్లడం, తిరిగి రావడం, మళ్లీ వెళ్లడం వింటోంది. మూడోసారి ఆయన వంటింటి గుమ్మంలో ఆగి, చిట్టి గదిలో కొత్త దుప్పటి పరిచావా అని అడిగాడు. పరిచానంది. ఆ గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోంది కదా, ఎవరికైనా చూపించావా అన్నాడు. నిన్ననే బాగు చేయించానంది. తన గదిలో ఫ్యాను ఆరు నెలలుగా అదే చప్పుడు చేస్తోందని ఆమె చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

ఇంట్లో అక్క, గని దగ్గర అందరికీ ఆఫీసక్క. ఊరి బయట వాళ్లకు చిన్న పలుగురాయి గని ఉంది. ఆ తెల్లరాయిని పిండి కొట్టిస్తే గాజు ఫ్యాక్టరీలు కొనుక్కుంటాయి. తవ్వే ప్రొక్లెయిన్లు రెండు, పిండి కొట్టే క్రషరు ఒకటి, లారీలు తూచే కాటా, ముప్ఫై మంది మనుషులు. అమ్మ పోయేనాటికి అక్కకు ఇరవై మూడేళ్లు, చెల్లెలు చిట్టికి పద్నాలుగు. నాన్న దిగులుతో గని మొహం చూడటం మానేస్తే, పది రోజులు చూసుకుంటే చాలనుకుని అక్క వెళ్లి ఆఫీసు కుర్చీలో కూర్చుంది. ఆ పది రోజులూ ఇరవై ఒక్క ఏళ్లయ్యాయి. నాన్న మళ్లీ తేరుకున్నా, బేరాలు మాట్లాడటం వరకే ఆయనది. లారీల పద్దులు, కూలీల గొడవలు, డీజిలు, లీజు కాగితాలు అన్నీ ఆమెవే. వచ్చిన సంబంధాలు వచ్చిన దారినే పోయాయి.

చిట్టి హాస్టళ్లలో పెరిగింది. నగరంలో వ్యాపారాలకు విలువ కట్టే వాల్యుయరు అయింది. కంపెనీలు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ దాని సంతకం కోసం కాచుకుని కూర్చుంటారట. ఈ 'అట' నాన్న ద్వారా వీధి మొత్తానికి తెలుసు. ఇప్పుడు ఒక పెద్ద గాజు కంపెనీ గనిని కొంటామని కబురు పెట్టేసరికి ఆయన క్షణం ఆలోచించలేదు. ఫోనెత్తి చిట్టికి చేశాడు. నువ్వొచ్చి విలువ కట్టమ్మా, నీ సంతకం ఉంటే వాళ్లు మారు మాట్లాడరన్నాడు. ఫోను పెట్టేశాక అక్కతో, చిట్టి వస్తోంది, గని అమ్మేస్తున్నాం అన్నాడు. అమ్ముదామా అని కాదు, అమ్మేస్తున్నామని. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు అనుకుంది అక్క.

చిట్టి కారు దిగగానే నాన్న గేటు దాకా వెళ్లి బ్యాగు అందుకోబోయాడు. కర్ర పట్టుకున్న మనిషి బ్యాగు మోస్తాననడం చూసి అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. చిట్టి మాత్రం నేరుగా వచ్చి అక్కను వాటేసుకుంది. చిక్కిపోయావేంటక్కా అంది. నీలా ఏసీ గదుల్లో కూర్చుంటే చిక్కను కదా అని నవ్వుతూనే అంది అక్క. ఆ నవ్వు పళ్లు దాటి లోపలికి పోలేదు.

గని ఆఫీసులో నాన్న అక్క కుర్చీ లాగి చిట్టిని కూర్చోమన్నాడు. అక్క స్టూలు మీద కూర్చుని ఆరేళ్ల పద్దు పుస్తకాలు ఒక్కొక్కటే అందించింది. చిట్టి అడుగుతుంటే జవాబులు చెప్పింది. ఏ నెలలో వాన వల్ల పని ఆగింది, ఏ ఫ్యాక్టరీ ఎన్నాళ్లకు డబ్బిస్తుంది, ఏ యంత్రం ఎప్పుడు కొన్నారు, అన్నీ పుస్తకం చూడకుండానే చెప్పింది. నాన్న ముచ్చటగా వింటూ, "ఎంత తెలివిగా అడుగుతోందో చూడు," అన్నాడు. చెప్పేవాళ్ల తెలివి ఆయనకు కనబడలేదు.

మధ్యాహ్నం అవుతుండగా చిట్టి అసలు ప్రశ్న అడిగింది. "అక్కా, రాయి ఇంకా ఎన్నేళ్లొస్తుంది? ఈ మధ్య బోర్లు వేసి చూశారా?"

ఇంకో పదిహేనేళ్లకి ఢోకా లేదని నాన్న అడ్డొచ్చి, పాత బోరు రిపోర్టు తీసి ఇచ్చాడు. అక్క నోరు తెరవబోయింది. కిందటేడాది ఆయన ఆసుపత్రిలో ఉండగా, రాయి రంగు మారుతోందని మేస్త్రి అంటే, ఆమె దక్షిణం వైపు మూడు బోర్లు వేయించింది. మూడింట్లోనూ నలభై అడుగులకే మట్టి పడింది. ఉన్న రాయి నాలుగేళ్లకు మించి రాదని బోర్లు వేసినవాళ్లు రాసిచ్చారు. ఆయన కోలుకున్నాక చెబుదామని ఆ రిపోర్టు ఇంట్లో బీరువాలో దాచింది. చెప్పడానికి మంచిరోజు దొరకనే లేదు.

ఇప్పుడు చెప్పేదే. సరిగ్గా అప్పుడే నాన్న, చిట్టి వైపు చూసి మురిసిపోతూ, "ఇన్నాళ్లకి ఈ కుర్చీకి కళ వచ్చింది," అన్నాడు.

అక్క చెప్పబోయిన మాట మింగేసింది. "కొత్తవేం వేయలేదు," అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రి తలెత్తి ఆమె వంక చూసి, మళ్లీ తల దించుకున్నాడు.

తరువాతి రెండు రోజులూ ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంటూనే ఉంది. గాజు కంపెనీ వాళ్లు గుడ్డివాళ్లా? వాళ్ల మనుషులు వచ్చి బోర్లు వేసుకుంటారు. అప్పుడు తేలుతుంది మహా వాల్యుయరు గారి తెలివి. నలుగురిలో చిట్టి నీళ్లు నములుతుంటే నాన్న మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంది. ఆ ఊహ తియ్యగా ఉంది. తిన్నాక నోరు చేదయ్యే తీపి అది. రోజూ సాయంత్రం నాన్న, చిట్టి వరండాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే ఆమె లోపల గిన్నెలు గట్టిగా కడిగింది.

మూడో రోజు, భోజనాలయ్యాక చిట్టి బల్ల మీద కాగితాలు పరిచి ఇద్దరినీ కూర్చోబెట్టింది. గాజు కంపెనీ వాళ్లతో మాటలు మర్నాడే.

"లాభం సంగతి పక్కన పెట్టు నాన్నా, అది కాగితం మీదది. ఏడాది తిరిగేసరికి చేతిలో ఎంత నగదు మిగులుతోందో అదే ముఖ్యం. ఆ నగదుకు ఎన్ని రెట్లు ఇస్తారన్నదే ధర. పెద్ద పెద్ద గనులైతే ఎనిమిది రెట్లు కూడా ఇస్తారు. మనది ఒకటే గుంత, రాయి కొనేది ఇద్దరే. ఐదు రెట్లు అడగొచ్చు."

ఏడాదికి సగటున తొంభై లక్షలు మిగులుతోంది. యంత్రాలు అరిగిపోతుంటాయి కాబట్టి, కొత్తవి కొనడానికి ఏటా పద్దెనిమిది పక్కన పెట్టాలి. అక్కడిదాకా నాన్న తల ఊపాడు. తరువాతి వరుస మీద ఆయన వేలు ఆగిపోయింది. మేనేజరు జీతం, పన్నెండు లక్షలు, తీసివేత.

మనకు మేనేజరు ఎక్కడున్నాడని ఆయన అడిగాడు. లేని మనిషికి జీతమేంటన్నాడు.

"ఉంది నాన్నా. ఇరవై ఒక్క ఏళ్లుగా ఉంది. జీతమే లేదు."

అక్కకు ఆ మాటలో తీసివేత ఒక్కటే వినబడింది. ఇన్నాళ్లూ అణిచిపెట్టినదంతా బయటికి వచ్చింది. "అంటే పన్నెండుకి ఐదు రెట్లు. నా వల్ల గని ధర అరవై లక్షలు తగ్గిందంటావు. అంతేనా? ఎక్కడో చదువుకుని వచ్చి, నా కుర్చీలో కూర్చుని, మూడు రోజుల్లో నువ్వు కనిపెట్టింది ఇదా?"

చిట్టి తెల్లబోయింది. తేరుకుని నెమ్మదిగా చెప్పింది. "రేపు కొన్నవాళ్లు నీ కుర్చీలో ఎవరినో ఒకరిని పెట్టుకోవాలి కదక్కా. వాళ్లు ఊరికే చెయ్యరు. నిజానికి నీ పనికి ఇద్దరు కావాలి, నేను ఒకళ్లకే వేశాను. నీకు ఇవ్వలేదు కాబట్టే అక్కడ తొంభై కనిపిస్తోంది. అందులో పన్నెండు గని సంపాదన కాదు. నీది. అది నాన్నకి కనబడాలనే విడిగా రాశాను." కాగితం వైపే చూస్తూ అంది, "సెలవులకి వచ్చినప్పుడల్లా మీరిద్దరూ గని కబుర్లు చెప్పుకుంటుంటే నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్లా కూర్చునేదాన్ని. నిన్ను చూసి ఎంత కుళ్లుకున్నానో నీకు తెలీదు."

ఎదురుగా ఉన్న పిల్ల తన ఇరవై ఒక్క ఏళ్లను ఒక వరుసలో పెట్టి తండ్రికి చూపిస్తోంది. తను మాత్రం ఆ పిల్ల నలుగురిలో తల దించుకుంటే చూడాలని మూడు రోజులుగా కాచుకుని ఉంది. లేచి గదిలోకి వెళ్లింది. బీరువాలో బట్టల కిందున్న రిపోర్టు తెచ్చి చిట్టి ముందు పెట్టింది.

చిట్టి మొదటి పేజీ చదివింది. రెండోది చదివింది.

"ఇవి ఎప్పుడు వేయించావు?"

"కిందటేడాది."

"నేను అడిగాను కదా."

"అడిగావు."

"లేవన్నావు."

"అన్నాను." అక్క తల తిప్పుకోలేదు. "కంపెనీ వాళ్ల ముందు నువ్వు తప్పులో పడుతుంటే చూడాలనిపించింది."

చిట్టి గొంతు పెంచలేదు. పెంచితే బావుండుననిపించింది అక్కకు. ఇది మా నాన్న కంపెనీ అని ముందే రాసి మరీ సంతకం పెట్టబోతున్నాను, ఇందులో ఒక్కటి దాచినట్టు తేలినా నా పని ఊడుతుంది, నాన్న కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది, అంది. నాలుగేళ్ల రాయి ఉన్న గనికి ఐదేళ్ల నగదు ఎవరిస్తారంది. కాగితాలన్నీ పోగు చేసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

బోర్ల సంగతి నాకైనా చెప్పలేదేమని నాన్న అడిగాడు. నువ్వప్పుడు ఆసుపత్రిలో ఉన్నావు నాన్నా అంది అక్క. ఆయన చిట్టి మరిచిపోయిన పెన్సిలు తీసుకుని, ఒక కవరు వెనకాల ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. కొట్టేసి మళ్లీ రాశాడు. గంట తరవాత చిట్టి తలుపు తీసుకుని వచ్చి, అక్క వైపు చూడకుండా, కొత్త లెక్క చెప్పింది. ఏడాదికి అరవై లక్షలు, రెండున్నర రెట్లు, కోటిన్నర. అంతకు మించి అడగటం ధర్మం కాదంది.

"నాదీ ఒక లెక్క ఉంది," అన్నాడు నాన్న. "మొదట్లో జీతాలు తక్కువ కదా, తక్కువే వేసుకున్నాను. అయినా ఇరవై ఒక్క ఏళ్లకీ కోటీ డెబ్బై వచ్చింది." ఆయన కవరును అక్క వైపు జరిపాడు. "నీకు నేనిచ్చుకోవాల్సింది గని కంటే ఎక్కువమ్మా. గని మొత్తం అమ్మినా తీరదు."

అక్క ఆ అంకెల వంక చూడలేకపోయింది. "నాకు డబ్బెందుకు నాన్నా," అంది. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "అమ్ముదామా అని ఒక్క మాట అడగొచ్చు కదా. ఫోను చేసేముందు, దానికంటే ముందు, నన్ను ఒక్క మాట."

నాన్న కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. "ఇప్పుడు అడుగుతున్నాను. అమ్ముదామా?"

ఆమె ముప్ఫై మంది మనుషుల గురించి ఆలోచించింది. అరుగుతున్న రాయి గురించి ఆలోచించింది. ఆయన మోకాలి గురించి కూడా. "అమ్ముదాం," అంది చివరికి. "కానీ ఏదీ దాచకుండా అమ్ముదాం. మనవాళ్లని పనిలోంచి తియ్యకూడదని రాయించుకుందాం."

చిట్టి ఆ మాట కాగితం మీద రాసుకుంది. రాత్రంతా అక్కతో మాట్లాడలేదు. పొద్దున కారులోనూ మాట్లాడలేదు.

గాజు కంపెనీ ఆఫీసులో అవతలి వైపు నలుగురు కూర్చున్నారు. వాళ్లలో రాళ్ల శాస్త్రం చదివినాయన కళ్లద్దాలు సర్దుకుని, దక్షిణం వైపు ఎలా ఉందండీ అని చిట్టిని అడిగాడు. చిట్టి బోరు రిపోర్టు తీసింది. తను చదవలేదు. బల్ల మీదుగా అక్క ముందుకు జరిపింది.

"దీనికి జవాబు మా మేనేజరు గారు చెబుతారు," అంది.

అక్క కాగితం తెరవకుండానే మొదలుపెట్టింది. ఏ బోరు ఎక్కడ వేసింది, ఎన్ని అడుగులకు మట్టి పడింది, ఉత్తరం గోడలో ఇంకా ఎన్ని టన్నుల మంచి రాయి ఉంది, ఏ ఎండాకాలంలో దాన్ని తియ్యాలి, అన్నీ చెప్పింది. అరగంట పాటు ఎవరూ అడ్డుపడలేదు. నాన్న పెద్ద కూతురి మొహం వైపే చూస్తూ, చివరిదాకా విన్నాడు. బేరం కోటీ నలభై దగ్గర తెగింది. మనుషులను తియ్యకూడదన్న షరతుకు వాళ్లు ఒప్పుకుని, తమ షరతు ఒకటి పెట్టారు. రాయి ఉన్నన్నాళ్లూ ఈవిడే గని చూసుకోవాలన్నారు. జీతం ఎంతిమ్మంటారని అడిగితే అక్క చిట్టి వైపు చూసింది. నెలకు లక్షకు తగ్గదని చిట్టి చెప్పేసింది.

బయటికొచ్చాక నాన్న కారు వైపు నడుస్తుంటే, మెట్ల మీద అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆపింది. ఏం చెప్పాలో రాత్రంతా అనుకుంది గాని, ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

"కోపం పోయిందా?" అని మాత్రం అడిగింది.

"లేదు," అంది చిట్టి. "అంత తొందరగా పోదు. రెండు మూడేళ్లు పడుతుంది."

అక్క తల ఊపింది. అది న్యాయమే. "ఈ లోపల ఇంటికి రావడం మానెయ్యవు కదా?"

"రాకపోతే ఆ కోపం ఎవరి మీద తీర్చుకోను?"

అక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేసింది. చిట్టి తన బ్యాగులోంచి రుమాలు తీసి, ఇవ్వబోయి ఆగి, తనే అక్క మొహం తుడిచింది. కాస్త గట్టిగానే తుడిచింది.