గ్రహణవేళ తవ్విన గొయ్యి

పట్టపగలు... మూడున్నర దాటింది!

మాఘ అమావాస్య, శనివారం. రాహుగ్రస్తమైన సూర్యబింబం గోటిముక్కంత మిగిలి ఆకాశంలో వేలాడుతోంది. కోనసీమ మీద కమ్ముకున్నది చీకటి కాదు, వెలుగూ కాదు... శ్మశానధూమంలాంటి భయంకరమైన మసక! కాకులు అరుపులు మాని గూళ్లకు చేరాయి. పాకల్లో పశువులు పలుపుతాళ్లు తెంచుకోబోయి, మళ్లీ చతికిలబడి వణుకుతున్నాయి. కొబ్బరితోటల్లో గాలి స్తంభించిపోయింది. ఎక్కడో తాటితొర్రలోంచి ఒక గుడ్లగూబ... పగటివేళ... కర్ణకఠోరంగా కూసి ఊరుకుంది!

గ్రహణం పట్టాక గడప దాటేవాడు కొత్తపేటలో లేడు. గుళ్లన్నీ పొద్దున్నే మూసేశారు. పచ్చడి జాడీల్లో దర్భలు వేసి, పిల్లల్ని గదుల్లో పెట్టి, ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది. ఆ నిర్మానుష్యమైన వేళనే కోరి ఎంచుకున్నారు ఆ దుర్మార్గులిద్దరూ!

పాతసంత వీధిలో, మూడు దారులు కలిసేచోట, బొడ్రాయి పక్కనే నిలువెత్తు గొయ్యి. బొడ్రాయంటే ఊరు కట్టిననాడు నడిమధ్యన పాతిన మోకాలెత్తు రాయి. పసుపు పూసి, కుంకుమ పెట్టి, తల్లీ అని మొక్కే రాయి. ఆ గోతి చుట్టూ ఎముకల పొడితో గీసిన మండలం... మధ్యలో నరకపాలం! దాని కళ్లగుంటల్లో ఆముదపు దీపాలు గాలి లేకుండానే రెపరెపలాడుతున్నాయి. ఎదుట పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు వీరకపాలి... కాట్రేనికోన అవతల మడ అడవుల్లో శవసాధన చేసి, క్షుద్రశక్తుల్ని వశం చేసుకున్న కర్కోటకుడు! వాడి వెనక, గ్లాస్కో పంచె మడత నలగకుండా ఎగ్గట్టి నిలబడ్డవాడు కాంట్రాక్టరు ధనరాజు.

ఈ ధనరాజు సంగతి చెప్పాలి. రాజమండ్రి నుంచి కారులో వచ్చి దిగి, పాతసంత వీధిని ఆ చివర నుంచి ఈ చివరకు చూసి పెదవి విరిచాడు. ముందు దుకాణం, వెనక కాపురం, పైన పెంకులు... అదీ ఆ వీధి. "నడిబొడ్డున ఈ పెంకుటిళ్లేంటండీ బాబూ! ఊరికే అవమానం కాదాండీ?" అన్నాడు. వీధంతా నేలమట్టం చేసి అక్కడ ఏడంతస్తుల మేడ లేపుతాడట! కింద సినిమా హాలు, మీద లాడ్జీ, ఆపైన అద్దాల ఆఫీసులు. ఊరి పెద్దమనుషులందరూ వాడి సోడాలు తాగి, ఆయ్ అంటే ఆయ్ అన్నారు. కాదన్న మనిషి ఒక్కతే... సూర్యావతి.

సూర్యావతి ఆ వీధిలో పెసరట్ల హోటలు నడుపుతుంది. భర్త పోయి చాలాకాలమైంది. మాట కరుకు, చెయ్యి ధారాళం. పంచాయతీ ఆఫీసులో అందరి ముందూ మొహాన అడిగేసింది.

"మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారండి? కాలవగట్టున గుడిసెలేసుకోమంటారా? ఈ వీధిలో బతికేం, ఈ వీధిలోనే పోతాం. అంత ముచ్చటగా ఉంటే మీ మేడ మీ రాజమండ్రిలో కట్టుకోండి."

ఇటుకల లారీ వస్తే దానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. ఆమె వెనక వీధి వీధంతా కూర్చుంది. లారీ వచ్చినదారినే వెనక్కి పోయింది.

మనుషుల వల్ల కాని పనికి ఆ నీచుడు పిశాచాల్ని పిలిచాడు! తెల్లవారేసరికి గడపల్లో మెడలు విరిచిన కోళ్లు... నూతుల్లో వెంట్రుకల ఉండలు... అర్ధాంతరంగా ఆరిపోయే పొయ్యిలు... గాజుల దుకాణం బుల్లెమ్మ అద్దంలో చూసుకుంటే భుజం వెనక ఇంకెవరో నవ్వారు. కొన్నాళ్లపాటు ఆ మనిషికి మాట పడిపోయింది. ధైర్యం చెడి ఒక్కొక్కరే మూటలు కట్టడం మొదలెట్టారు. సూర్యావతికి మాత్రం భయం వెయ్యలేదు. ఒళ్లు మండిపోయింది. "పిరికి వెధవ! ఎదటపడి మాట్టాడ్డం చాతకాక కోళ్ల పీకలు నులుముతున్నాడు!" అని వీధిలో నిలబడి తిట్టిపోసింది. ఇంటింటికీ తిరిగి, కట్టిన మూటలు తన చేత్తో విప్పించింది.

ఇప్పుడు ఆమె ఇంట్లో, కిటికీలు మూసిన గదిలో, చాప మీద కోడలు కామాక్షి వెల్లకిలా పడుకుని ఉంది. తొలిచూలు. ఏడో నెల. గ్రహణం విడిచేదాకా గర్భిణి కదలకూడదు. కొడుకు కొబ్బరికాయల లోడు తీసుకుని కటకం వెళ్లాడు. సూర్యావతి పక్కన కూర్చుని కోడలి చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యగారూ... బయట నన్నెవరో పిలుస్తున్నారండి..."

"ఎవరూ లేరమ్మా. కదలకు. ఇంకాస్సేపే."

మరుక్షణం ఆ చెయ్యి మంచుగడ్డయిపోయింది! కామాక్షి కళ్లు తెల్లగుడ్లు పడ్డాయి. పెదవులు నల్లబడ్డాయి. ఆ సుకుమారమైన కంఠంలోంచి ఒక మగగొంతు బయటికొచ్చింది... పాతాళకుహరంలోంచి వచ్చినట్టు!

"నా బలి... నాకు కావాలి! వదులు!"

పెళ్లున విసిరికొట్టింది. సూర్యావతి గోడకు గుద్దుకుని పడింది. కామాక్షి జుట్టు విరబోసుకుని, నేల మీద పాదం ఆనీ ఆనకుండా నడిచింది. తలుపుకున్న ఇనప గడియ దానంతటదే విరిగి కిందపడింది!

సూర్యావతి లేచి పరుగెత్తి... గడప దగ్గర ఆగిపోయింది. బుద్ధెరిగిన నాటి నుంచి గ్రహణంలో గడప దాటి ఎరగదు. దాటితే వంశానికి కీడని ఆ పొద్దున్నే కోడలికి తానే చెప్పింది. కానీ ఎదుట ఆ పిల్ల, దాని కడుపులో ఇంకో ప్రాణం, గొయ్యి కేసి నడిచిపోతున్నాయి! కోపం అరికాలి నుంచి నడినెత్తికెక్కింది.

"నీ గ్రహణం తగలెయ్యా!" అని గడప దాటేసింది.

"రావే సూర్యావతీ, రా!" వికటాట్టహాసం చేశాడు వీరకపాలి. "ఈ మెత్తనేల మీద ఏడంతస్తులు నిలబడాలంటే పునాదిలో తొలిచూలు పడాలి. నీ కోడలు తన కాళ్లతో తానే దిగుతుంది... చూసి తరించు! దాని మీద మట్టి పడ్డాక ఈ రాయిని పెరికేస్తాను. రేపట్నించి ఈ వీధిలో ఒక్క కొంపలోనూ దీపం వెలగదు!"

సూర్యావతి వాడి మీదికి ఉరికింది. ఎముకల పొడి గీత దగ్గరకు రాగానే కాళ్లు రెండూ నేలకు అతుక్కుపోయాయి! నాలుక పిడచకట్టింది. అరుద్దామంటే గొంతు లేదు...

"ఎవర్ని పిలుస్తావే? శివాలయానికి తాళం! వేణుగోపాలుడికి తాళం! అమ్మవారి గుడికి తాళం! నీ దేవుళ్లందరూ తలుపుల వెనక ఉన్నారు. ఈ ఘడియ నాది! అందుకే ఈ ముహూర్తం పెట్టాను!"

"తొరగా కానియ్యండి స్వామీ," అన్నాడు ధనరాజు చెమట తుడుచుకుంటూ. "గ్రహణం విడిచిపోతాదండి..."

కామాక్షి ఒక పాదం గోతిలోకి చాచింది.

సూర్యావతి చూపు ఆ పక్కనే ఉన్న బొడ్రాయి మీద పడింది. దానికి గోడల్లేవు. కప్పు లేదు. పూజారి లేడు. ఎండకు ఎండి, వానకు తడిసి, లారీల దుమ్ము తిని, అలాగే కూర్చుని ఉంది. పొద్దున్నే వీధి ఆడవాళ్లు పూసిన పసుపు ఇంకా చెరగలేదు. ఆమెకు ఒక్కసారిగా నవ్వొచ్చినంత పనైంది. గొంతు పెగిలింది.

"ఓరి వెర్రి వెధవా! అన్ని గుళ్లకీ తాళాలు లెక్కపెట్టుకున్నావు గానీ... ఈవిడికి తలుపేదిరా?"

కపాలి నవ్వు ఆగిపోయింది.

"తల్లీ!" వీధి అదిరేలా కేక పెట్టింది సూర్యావతి. "నడివీధిలో కూర్చున్నదానివి! నీ కళ్లముందు నా బిడ్డని పూడ్చేస్తన్నారే! చూస్తా కూర్చుంటావా? ఇన్నాళ్లూ నీకు పసుపు ఎందుకు పూసేం? లే!"

ఫెళఫెళఫెళ!

మబ్బుతునక లేని ఆకాశం బద్దలయింది! ఉరుము నేల మీంచే పుట్టి నింగికెగసినట్టు, పెంకులన్నీ గలగలలాడాయి. సూర్యావతి కాళ్లు ఊడివచ్చాయి. బుల్లెమ్మ ఇంటి తలుపు దడాలున తెరుచుకుంది. బుల్లెమ్మ రోకలి భుజానెత్తుకుని గ్రహణంలోకి దూకింది. ఆ తలుపు చూసి ఇంకో తలుపు... ఆ వెనక ఇంకోటి... వీధిలో ఉన్న ఆడవాళ్లంతా చేతికందింది పుచ్చుకుని వచ్చేశారు. ఆచారం గీచారం ఆ క్షణాన ఎవరికీ గుర్తు లేదు.

సూర్యావతి మండలాన్ని కాలితో చెరిపి, కామాక్షి నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ఒంట్లో ఉన్నది అమ్మవారో, తన కోపమో ఆమెకు తెలియదు. కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. ఆ చూపుకు కపాలి పద్మాసనం చెదిరింది.

"చంపు! దాన్ని చంపు!" కపాలాన్ని గద్దిస్తూ బూడిద విసిరాడు.

బొడ్రాయి చుట్టూ ఎర్రని వెలుగు భగ్గుమంది. నరకపాలం కదిలింది... మెల్లగా... కటకటమని పళ్లు నూరుతూ... తిరిగింది! సూర్యావతి వైపు కాదు. తనను ఇన్నాళ్లూ బానిసను చేసి ఊడిగం చేయించుకున్న యజమాని వైపు!

"వద్దు! నేను నీ ప్రభువుని! వద్దూ...!"

ఎగిరి వాడి కంఠం పట్టుకుంది! కపాలి వెనక్కి తూలి, తాను తవ్వించిన గోతిలోనే పడ్డాడు. అడుగున ఊరిన నల్లబురద కుతకుతలాడింది. మోకాళ్లదాకా... నడుందాకా... రొమ్ముదాకా! "ధనరాజూ! చెయ్యందివ్వరా!" అని గావుకేక పెట్టాడు. ధనరాజు చెయ్యి అందివ్వలేదు సరికదా, రెండడుగులు వెనక్కి వేశాడు. బురద ఆ నోట్లోకి వెళ్లింది. చివరికి పైన ఒక చెయ్యి మిగిలింది. తర్వాత అదీ లేదు.

మసక విచ్చుకుంది. కొబ్బరాకుల మీద ఎండ మళ్లీ పచ్చగా పడింది. కామాక్షి కళ్లు తెరిచి, అత్త ఒడిలో ఉన్నానని తెలుసుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"తన్నేడండీ అత్తయ్యగారూ..." అంది నీరసంగా.

"తన్ననీ అమ్మా. తన్ననీ," అంది సూర్యావతి. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ధనరాజు పారిపోదామని మూడు దారులూ చూశాడు. మూడింటా రోకళ్లే. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తప్పయిపోయిందండి అమ్మగారూ! మేడా వద్దు, ఏమీ వద్దండి. మళ్లీ ఈ ఊరు మొహం చూడనండి. ఎల్లిపోతానండి..."

"ఎల్దువుగానీ," అంది సూర్యావతి కళ్లు తుడుచుకుని. "గొయ్యి పూడ్చి ఎల్లు."

"ఆయ్, కూలోళ్లని పంపిస్తానండి..."

"నీ చేతుల్తో."

ధనరాజు పూడ్చాడు. పార అడిగితే ఎవరూ ఇవ్వలేదు. గ్లాస్కో పంచె బురదపట్టి, గోళ్లు విరిగి, ఉంగరాల వేళ్లు నెత్తురోడుతుంటే దోసిళ్లతో మట్టి పోశాడు. వీధిలో వాళ్లు విడుపు స్నానాలు చేసి, పొయ్యిలు వెలిగించి, వండుకుని, అరుగుల మీద కూర్చుని తింటూ చూశారు. పగవాడు గుమ్మం ఎక్కినా ముందు మంచినీళ్ల చెంబు చేతికిచ్చి, ఆ తర్వాత మాట్లాడే సీమ అది. దాహం, దాహం అని ధనరాజు అరుగు అరుగునా అడిగాడు.

ఒక్కరూ లేవలేదు.