సంధానికి వచ్చిన అనుమానం

మూడోసారి కూడా లోహాన్ని కరిగించే ఆర్క్ రెండంగుళాలు నడిచి ఆగిపోయింది. వెల్డింగ్ యంత్రం సంధాని తన ఇనుప చేతిని పైపు కిందనుంచి వెనక్కి లాక్కుని, తెర మీద మళ్ళీ అదే మాట రాసింది: "అతకలేను. పరిశీలించండి."

భీమిలి ఒడ్డున పంపుహౌస్ వెనక పదిమంది ఇంజినీర్లు ఆ తెరకేసి చూస్తూ నిలబడ్డారు. విశాఖ చుట్టూ రిజర్వాయర్లు ఎండిపోయి అప్పటికి పన్నెండేళ్ళు. నగరం తాగేది సముద్రపు నీరే. ఒడ్డున ఉప్పు తీసేసిన నీరు మనిషెత్తు ఉక్కు పైపులో కొండ మీది ట్యాంకుకు ఎక్కి, అక్కణ్ణించి ఇళ్ళకు దిగేది. ఆ పైపు అడుగున మూరెడు పగులు వచ్చి రెండు రోజులైంది. ఆసుపత్రుల దగ్గర ఇంకొక్క రోజుకు సరిపడా నీళ్ళున్నాయి.

సంధానిని తయారు చేసిన డాక్టర్ శేషశాయి కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతున్నాడు. ప్రతి ఐదు నిమిషాలకూ ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారు. తన యంత్రం ఎందుకు ఆగుతోందో ఆయనకే తెలియదు.

వెల్డింగ్ అంటే రెండు లోహపు అంచుల్ని కరిగించి ఒకటి చేయడం. అందుకు పద్ధతులు చాలా ఉన్నాయి. పూత పూసిన రాడ్‌ని కాల్చుకుంటూ పోయేది స్టిక్. తుపాకీలాంటి టార్చ్‌లోంచి తీగ దానంతటదే వస్తుంటే చుట్టూ గ్యాసు కాపలా కాసేది మిగ్. అరగని టంగ్‌స్టన్ సూదితో కరిగిస్తూ రెండో చేత్తో తీగ అందించేది టిగ్. ఇవన్నీ ఒకే పెట్టెలో చేసే మల్టీ ప్రాసెస్ మెషిన్లు ఎప్పట్నించో ఉన్నాయి. కాని ఎక్కడ ఏ పద్ధతి వాడాలి, ఎన్ని ఆంపియర్లు పెట్టాలి, ఏ కేబుల్ ప్లస్‌కి తగిలించాలి అన్నవి మనిషే చూసుకోవాలి. సంధాని వాటన్నిటినీ లోహాన్ని చూసి తానే పెట్టుకుంటుంది. అతికే ఒడుపు మాత్రం ఒక మనిషి దగ్గర నేర్చుకుంది.

ఆ మనిషి బోర పైడితల్లి. ఓడల మరమ్మతు యార్డులో ఇరవై ఆరేళ్ళు వెల్డర్‌గా చేసింది. సెన్సర్లున్న తొడుగు చేతికి వేసుకుని ఆర్నెల్లపాటు ఆవిడ చేసిన ప్రతి అతుకునూ సంధాని నేర్చుకుంది. తర్వాత దేశంలోని రేవుల్లో అలాంటివి మూడు వందల పన్నెండు వెలిశాయి. అన్నిటిలోనూ ఆవిడ చెయ్యే. పని పూర్తయ్యాక పైడితల్లికి శాలువా కప్పి ఇంటికి పంపారు. మిగతా వెల్డర్లను శాలువా లేకుండా పంపారు. మూడేళ్ళుగా ఆవిడ మేడల మీద సోలార్ పలకలు తుడుస్తోంది.

పదకొండింటికి జీపు పంపి ఆవిణ్ణి పిలిపించారు. వచ్చీ రాగానే ఆవిడ పగులును చూడలేదు. ఆర్క్ చప్పుడు రికార్డు చేసి ఉంటే వినిపించమంది. శేషశాయి వినిపించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని రెండుసార్లు వింది.

"మంచి ఆర్క్ అప్పడం వేగినట్టు వినపడాలి బాబూ. ఇది తడి కరివేపాకు నూనెలో పడ్డట్టుంది. లోపల నీరుంది. నానైనా అక్కడే ఆపేద్దును."

పైపు ఖాళీ చేశామనీ, సెన్సర్లు పొడిగా ఉందనే చూపిస్తున్నాయనీ శేషశాయి అన్నాడు. సెన్సర్లు చూసేది పైముఖమే కదా అని ఆవిడ అడిగింది. అప్పుడు కొండెక్కి చూస్తే, ట్యాంకు దగ్గర వాల్వ్ పూర్తిగా మూసుకోలేదు. దారమంత నీరు పైపు లోపల అడుగుపట్టునే జారుతూ వచ్చి, ఆర్క్ వేడికి ఆవిరై, కరిగిన లోహంలో బుడగలు లేపుతోంది. అలాగే అతికేసి ఉంటే, పంపులు ఆడించగానే అతుకు బద్దలై ఎదుట ఉన్నవాళ్ళ మీద పడేది.

ఇలాంటి చోట ఆపాలని పైడితల్లి యంత్రానికి ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ చెయ్యి ఆగినప్పుడల్లా అదీ ఆగడం నేర్చుకుంది, అంతే.

వాల్వ్ తుప్పుపట్టి కదల్లేదు. అందుకని పగులుకు ఎగువన, పైపు అడుగున చిన్న రంధ్రం వేయించింది పైడితల్లి. దారమంత నీరూ అక్కడే కారిపోయింది. గ్యాసు మంటతో పగులు చుట్టూ ఆరబెట్టించింది. ఇక సంధానిని మళ్ళీ నడిపారు. అది చేతిని చాపి, పగులు దాకా వచ్చి, ఆర్క్ కూడా వెలిగించకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

ఈసారి కారణం పైడితల్లికి వెంటనే తట్టింది. నీరున్న పైపును ఆరబెట్టి అతకడం ఆవిడ యార్డులో చేసిన పని కాదు. తడి కనబడితే కాదని చెప్పి లేచిపోయేది. యంత్రానికి తెలిసిందీ అదే. ఒకసారి అనుమానం వచ్చాక దాన్ని ఎలా తీర్చుకోవాలో దానికి ఎవరూ చూపించలేదు.

"దీన్ని మాన్యువల్‌లో పెట్టి హోల్డర్ నాకిచ్చేయండి," అంది. "నానే చేస్తాను."

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది కాని, గ్లవ్స్ తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. సముద్రపు గాలికి గ్యాసు నిలవదు కాబట్టి మిగ్, టిగ్ పనికిరావని, స్టిక్ పెట్టమంది. రాడ్ హోల్డర్ కేబుల్ ప్లస్‌కి, ఎర్త్ కేబుల్ మైనస్‌కి తగిలించింది. ఎర్త్ క్లాంప్ పట్టే చోట గ్రైండర్‌తో రంగు గీకించి, ఉక్కు మెరిసేదాకా ఊరుకోలేదు. రాడ్లు ఓవెన్‌లోంచి ఒక్కొక్కటే వేడివేడిగా అందివ్వమంది. బయట పెడితే ఉప్పుగాలికి తేమ పడతాయి. ఆంపియర్లు నూట ఇరవైకి పెట్టి, తుక్కు మీద ఒక గీత గీసి, చూసి, నూట ఐదుకి తగ్గించింది. పగులు రెండు కొసల్లోనూ అది ఇంకా సాగకుండా చిన్న బెజ్జాలు వేయించింది. ఇసుక బస్తాల మీద వెల్లకిలా పడుకుని పైపు కిందికి జరిగి, హెల్మెట్ దించుకుంది.

మొదటి అతుకు వంకరపోయింది. ఆవిడ చెయ్యి వణుకుతోందని పక్కనున్న శేషశాయికి స్పష్టంగా కనిపించింది. మూడేళ్ళుగా బట్ట పట్టుకున్న చెయ్యి అది. పైడితల్లి బయటికి జరిగి వచ్చి, దాన్ని మొత్తం గ్రైండ్ చేయించింది. ఇంజినీర్లలో ఒకాయన అసహనంగా వాచీ చూసుకున్నాడు. రెండోసారి మోచేతిని బస్తాకు ఆనించి, వేలెడు దూరానికోసారి ఆగుతూ, తడుముతూ, మళ్ళీ మొదలుపెడుతూ పోయింది. అందంగా లేదు కాని గట్టిగా పట్టింది. అల్ట్రాసౌండ్ పరీక్షలో ఎక్కడా బుడగ లేదు. నీరు కారే రంధ్రానికి మరబిరడా బిగించారు. సాయంత్రం ఐదున్నరకు కొళాయిల్లో నీళ్ళొచ్చాయి. శేషశాయి ఆవిడకు చేతులు జోడించి జీపు ఎక్కించాడు.

మర్నాడు ఉదయం తొమ్మిదికి కాకినాడ రేవునుంచి మొదటి ఫోన్ వచ్చింది. తర్వాత చెన్నై, పారాదీప్, కొచ్చిన్. ఎక్కడ చూసినా సంధాని అతుకు వంకరగా వేస్తోంది. చెయ్యి వణుకుతోంది. వేలెడు దూరం పోయి ఆగుతోంది, తడుముకుంటోంది.

జరిగింది శేషశాయికి పావుగంటలో అర్థమైంది. మాన్యువల్‌లో ఉన్నా యంత్రం నేర్చుకోవడం మానలేదు. హోల్డర్‌లోని సెన్సర్లతో, దాన్ని పట్టుకున్నది తన గురువని గుర్తుపట్టింది. గురువు దగ్గర్నించి కొత్త పాఠం వస్తే పాతది చెరిపేసి అన్ని యంత్రాలకూ పంచాలన్నది ఆయన పెట్టిన నియమమే.

పాత పాఠానికి తిరిగి వెళ్ళొచ్చు కదా అని యార్డుల యజమానులు అడిగారు. వెళ్ళే దారి ఆయన కట్టలేదు. చెయ్యి ఏటికేడూ మెరుగయ్యేదే కాని తగ్గేది కాదని నమ్మి కట్టాడు. ఆ చేతిని పని మాన్పించి ఇంటికి పంపిన కాగితం మీద సంతకం కూడా ఆయనదే.

ఆ మధ్యాహ్నం ఆయనే స్వయంగా పైడితల్లి పనిచేస్తున్న మేడ ఎక్కాడు. విషయమంతా దాచకుండా చెప్పాడు. ఆవిడ చేతిలోని గుడ్డ బకెట్‌లో వేసి, తన చేతులు చూసుకుంది.

"ముందు నా చెయ్యి నాకు రావాలి బాబూ. రెణ్ణెల్లు పడతాదో, మూణ్ణెల్లు పడతాదో నాకూ తెలీదు. అందాకా నన్ను దాని కంట పడనీయకండి. సూసిందల్లా నేర్సేసుకుంటాది."

యార్డులు అన్నాళ్ళు ఆగలేవు. ఇంటికి పంపిన వెల్డర్ల నంబర్లు వెతికి ఒక్కొక్కళ్ళకూ ఫోన్ చేశాయి. వాళ్ళలో చాలామంది వచ్చారు. మొదటి వారం వాళ్ళ అతుకులూ వంకరగానే వచ్చాయి. మూడు వందల పన్నెండు సంధానులకూ టార్పాలిన్లు కప్పారు.

పంపుహౌస్ షెడ్డులో ఒక పాత స్టిక్ మెషిన్, గుట్టెడు తుక్కు పలకలు పెట్టించి, రోజూ ఎనిమిదింటికల్లా పైడితల్లి హెల్మెట్ దించుకుంటోంది. శేషశాయి పక్కన స్టూలు మీద కూర్చుని, ఓవెన్‌లోంచి రాడ్లు తీసి అందిస్తున్నాడు. మధ్యమధ్య ఎంతవరకు వచ్చిందని అడుగుతూ ఆయన ఫోన్ మోగుతుంది. ఆయన ఆవిడ ముఖంలోకి చూస్తాడు. ఆవిడ అప్పుడే వేసిన అతుకు మీది పొట్టును సుత్తితో రాల్చి, వెలుతురుకు ఎత్తి చూసి, పలకను తుక్కులోకి విసిరేసి ఇంకో రాడ్ కోసం చెయ్యి చాపుతుంది.