పన్నెండు కాంక్రీటు ముక్కలు

ఉదయం 8:10.

స్టోర్ రూమ్ తాళం వేసినట్టే ఉంది. తలుపు తీసి చూస్తే బల్ల ఖాళీ.

నిన్న సాయంత్రం ఐదింటికి ఆ బల్ల మీద పన్నెండు కాంక్రీటు ముక్కలు ఉన్నాయి. ఒక్కొక్కటి జానెడు పొడవు, గుండ్రంగా, రోకలిని కోసినట్టు ఉంటుంది. నర్సుల పాత హాస్టల్ స్తంభాల్లోంచి మిషన్‌తో కోసి తీసినవి. ఉదయం పదింటికి ల్యాబ్‌కు వెళ్లాలి. మధ్యాహ్నానికి రిపోర్టు రావాలి. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి కమిటీ తేల్చాలి, హాస్టల్‌ను బాగుచేయాలా, కూల్చి కొత్తది కట్టాలా అని.

9:05కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. జీపు దిగకముందే ఫోన్ మోగింది.

"రాళ్లు పోయాయని కేసా? గంటలో తేల్చి వచ్చెయ్," అన్నాడు పై అధికారి.

ఇన్‌స్పెక్టర్ పళ్లు బిగబట్టి లోపలికి నడిచాడు.

ఫిర్యాదు చేసినావిడకు యాభై ఏళ్లుంటాయి. చేతిలో హెల్మెట్. ఏడు నెలలుగా ఈ హాస్టల్ లెక్కలు కడుతోంది. సైట్లో అందరూ ఆమెను కార్బనమ్మ అంటారు. ఆమెకూ తెలుసు.

"మేడమ్, ముందు నాకర్థమయ్యేలా చెప్పండి. మీరు చేసే పనేంటి?"

"ఒక భవనం కట్టిన రోజు నుంచి కూల్చే రోజు దాకా దానివల్ల గాల్లోకి ఎంత కార్బన్ పోతుందో లెక్క కడతాను. సిమెంటు, స్టీలు తయారీ, లారీల డీజిలు, ఏళ్ల తరబడి కాలే కరెంటు, రిపేర్లు, చివరికి కూల్చి ఎత్తిపోయడం. అన్నీ."

"ఇక్కడ లెక్క ఎంత తేలింది?"

"బాగుచేసి వాడుకుంటే అరవై ఏళ్లకి రెండువేల మూడొందల టన్నులు. కూల్చి కొత్తది కడితే నాలుగువేల వంద."

"మరింకేం! బాగుచేసుకోవచ్చుగా?"

"ఈ స్తంభాలు అరవై ఏళ్లు నిలబడితేనే సార్. ముందు చేసిన తనిఖీలో పాతికేళ్లే అని రాశారు. అదే నిజమైతే ఇప్పుడు బాగుచేయాలి, పాతికేళ్లకి మళ్లీ కట్టాలి. ఐదువేలు దాటుతుంది. ఏది నిజమో ఆ ముక్కలే చెప్పాలి. అవి లేకపోతే ఫైల్లో ఉన్న పాతికేళ్లే ఖాయం."

"మళ్లీ కోసి తీస్తే?"

"మూడు రోజులు పడుతుంది. రేపు పొద్దున్నే కూల్చే మిషన్లు దిగుతున్నాయి."

ఆమె చేతిలోని హెల్మెట్‌ను ఖాళీ బల్ల మీద విసురుగా పెట్టింది.

తాళం పగల్లేదు. తాళంచెవులు మూడు. ఒకటి ఆమె దగ్గర, ఒకటి ఆర్కిటెక్ట్ దగ్గర, ఒకటి వాచ్‌మన్ దగ్గర. వాచ్‌మన్ చెవి గేటు పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. అంటే ఊరందరిదీ.

"నిన్న సాయంత్రం బయటివాళ్లెవరైనా వచ్చారా?"

"ఒక్క పురుగు కూడా రాలేదు సార్," అన్నాడు వాచ్‌మన్.

స్టోర్ పక్కనే వాష్‌రూమ్. హెడ్ కానిస్టేబుల్ లోపలికి తొంగిచూశాడు.

"సార్, సబ్బు మీద గులాబీ చార ఉంది."

"నెయిల్ పాలిష్ అయ్యుంటుంది. రాయి దొరికితే చెప్పు."

ఆ మాట అన్నందుకు తర్వాత తనను తానే తిట్టుకున్నాడు.

అనుమానం సహజంగానే కూల్చివేత కాంట్రాక్టర్ మీదికి పోయింది. హాస్టల్ కూలితే పని దొరికేది అతనికే. నిన్న సాయంత్రం 5:40కి అతని లారీ, పక్కన కూల్చిన పాత క్యాంటీన్ శిథిలాలతో బయటికి వెళ్లింది. గేటు రిజిస్టర్లో ఉంది.

పదకొండింటికి డంపింగ్ యార్డుకు వెళ్లారు. రెండు గంటలు ఎండలో మట్టి తిరగేశారు. ఇటుకలు, టైల్స్, విరిగిన సింకు. గుండ్రటి ముక్క ఒక్కటీ లేదు.

"నాకెందుకు సార్ ఈ తలనొప్పి? ఇది కాకపోతే ఇంకోటి కూలుస్తా," అన్నాడు కాంట్రాక్టర్. అతని షర్టు మీద కంటే ఇన్‌స్పెక్టర్ షర్టు మీదే దుమ్ము ఎక్కువగా ఉంది.

ఫోన్. "ఇంకా ఆ రాళ్ల దగ్గరే ఉన్నావా?"

1:40కి ఇన్‌స్పెక్టర్ హాస్టల్‌కు తిరిగొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. కార్బనమ్మ నీళ్ల సీసా అందించింది. తాను మాత్రం స్తంభంలో మిషన్ చేసిన రంధ్రం దగ్గర నిలబడింది. స్ప్రే బాటిల్‌తో ఏదో చల్లుతోంది. నీళ్లలాంటి ద్రవం. రంగు లేదు.

చల్లిన చోట రంధ్రం గులాబీ రంగుకు తిరిగింది.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు.

"ఏంటది?"

"కాంక్రీటు ఆరోగ్యంగా ఉంటే అందులో క్షారం ఉంటుంది. ఈ మందు తగిలితే గులాబీ రంగొస్తుంది. పాడైపోయిన కాంక్రీటైతే రంగు రాదు. కమిటీకి ఇది చాలదు, ల్యాబ్ రిపోర్టే కావాలి. మనసు ఊరుకోక చల్లాను."

"సబ్బుకి తగిలితే?"

"సబ్బులోనూ క్షారమే. అదీ గులాబీయే."

"నిన్న మీరు స్టోర్‌లో ఇది వాడారా?"

"లేదు. అక్కడో బాటిల్ ఉంది గానీ, సీలు కూడా తియ్యలేదు."

ఇద్దరూ స్టోర్‌కు పరుగెత్తారు. బాటిల్ అలమరలోనే ఉంది. సీలు చిరిగి ఉంది. మూడో వంతు ఖాళీ.

3:15. ఆసుపత్రి డైరెక్టర్ గది.

డైరెక్టర్, కార్బనమ్మ, కాంట్రాక్టర్, వాచ్‌మన్, ఆర్కిటెక్ట్. ఆర్కిటెక్ట్ నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. కార్బనమ్మకు స్వయానా మరిది, చెల్లెలి భర్త. ఈ ఆసుపత్రి పనికి అతన్ని పరిచయం చేసింది ఆమే.

"ముక్కలు మాయం చేయాలనుకున్నవాడు మోసుకుపోతాడు, అంతే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వీడు ముందు వాటి మీద మందు చల్లాడు. చేతికంటిన మందు సబ్బు తగలగానే గులాబీ అయింది. కంగారుగా కడుక్కున్నాడు. సబ్బు మీద చార మిగిలింది. పొద్దున నా కళ్ల ముందే ఉంది, నేనే పట్టించుకోలేదు."

"అయితే?" అన్నాడు డైరెక్టర్, గడియారం చూస్తూ.

"దొంగకి పరీక్షతో పనేంటి సార్? స్తంభం గట్టిదా కాదా అని తెలుసుకోవాలనే తపన ఎవరికుంటుంది? ముందే ఒక మాట రాసిచ్చి, అది తప్పేమోనని భయపడుతున్నవాడికి. పాతికేళ్లే అని రాసిన తనిఖీ మీద సంతకం ఎవరిది?"

డైరెక్టర్ ఫైలు తెరిచాడు. చదవలేదు. ఆర్కిటెక్ట్ వైపు చూశాడు.

"అన్యాయం!" అన్నాడు ఆర్కిటెక్ట్. "నిన్న సాయంత్రం నేను ఇంట్లో ఉన్నాను."

"అదేంటి సార్?" అన్నాడు వాచ్‌మన్ అమాయకంగా. "ఆరున్నరకి మీ కారొచ్చింది కదా? గేటు తీసింది నేనే."

ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగాడు. "పొద్దున ఎవరూ రాలేదన్నావు!"

"బయటివాళ్లు వచ్చారా అని అడిగారు సార్. ఈయన బయటివారెలా అవుతారు?"

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. అప్పుడే హెడ్ కానిస్టేబుల్ లోపలికి వచ్చాడు. చేతిలో తెల్లగుడ్డ. సబ్బునీళ్లలో ముంచి ఆర్కిటెక్ట్ కారు డిక్కీ తుడిచిన గుడ్డ.

మధ్యలో గులాబీ మరక.

"నువ్వు హాస్టల్ లోపలికెళ్లి తనిఖీ చేశావా?" కార్బనమ్మ గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"వదినా..."

"వెళ్లావా, లేదా?"

"లేదు. ఫోటోలు చూసి రాశాను. గోడకి పగుళ్లున్నాయి, పాతది, ఎలాగూ కూలుస్తారనుకున్నాను. నివాసానికి పనికిరాదని సర్టిఫికెట్ కూడా ఇచ్చాను. నువ్వు ముక్కలు తీయిస్తావని అనుకోలేదు." అతను తల దించుకున్నాడు. "రంగు రాకపోతే బావుండు అనుకుంటూ చల్లాను. పన్నెండూ గులాబీయే."

"నీ సర్టిఫికెట్‌తో రెండ్రోజుల్లో ఎనభై నాలుగు మంది నర్సుల సామాను రోడ్డున పడింది. ఈరోజుకీ రెండు బస్సులు మారి డ్యూటీకి వస్తున్నారు."

"ముక్కలెక్కడ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నా ఇంకో సైట్లో పునాది గుంటలో వేశాను. పొద్దున ఏడింటికే కాంక్రీటు పోసేశారు."

కార్బనమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. అంతా తేలింది, చేతిలో మాత్రం ఏమీ లేదు.

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "జరిగింది దురదృష్టమే. కానీ ల్యాబ్ రిపోర్టు లేకుండా కమిటీకి ఏం చెప్పను? మిషన్లు రేపు వస్తున్నాయి. వాయిదా వేసే అధికారం నాకు లేదు."

"మీకు అక్కర్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ హాస్టల్ నేరం జరిగిన చోటు. స్తంభాలు సాక్ష్యం. ఇప్పుడే సీలు వేస్తున్నాను. నా సంతకం లేకుండా ఒక్క ఇటుక కదిలినా కమిటీ మొత్తం స్టేషన్‌కు రావాలి."

"ఎన్నాళ్లు?"

"దర్యాప్తు ముగిసేదాకా. నేను చాలా నెమ్మదిగా దర్యాప్తు చేస్తాను. కావాలంటే మా పై అధికారిని అడగండి."

ఆ రోజు మొదటిసారి కార్బనమ్మ నవ్వింది. సగమే.

4:20. ఆర్కిటెక్ట్‌ను జీపు ఎక్కించారు. ముక్కలు కోసే మిషన్ ఆపరేటర్‌కు ఆమె ఫోన్ చేసింది. "రేపు ఏడింటికి రా. పోలీసుల ముందే మళ్లీ పన్నెండు తీద్దాం. మొదటి స్తంభం నుంచి."

ఫోన్ పెట్టేలోపే ఇంకో కాల్. చెల్లెలు.

ఇన్‌స్పెక్టర్ పక్కకు జరిగాడు. ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి ఆమె ఎత్తింది.

"అక్కా, ఆయన ఫోన్ తియ్యట్లేదు. అక్కడే ఉన్నారా?"

కార్బనమ్మ రోడ్డు చివర మలుపు తిరుగుతున్న జీపు వైపు చూసింది.

"ఫోన్లో చెప్పేది కాదమ్మా. నేను ఇంటికి వస్తున్నాను. చెప్పాక నువ్వు నా మొహం చూడనన్నా సరే, ముందు తలుపు మాత్రం తియ్యి."