ఎదురు కొట్టు వాళ్ళు కాదు

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే హ్యోజిన్ ముక్కుకు ఆ వాసన మళ్ళీ తగిలింది. పీతల వాసన ఆమెకు కొత్త కాదు. ఇది వేరు. గొంతులో గుచ్చుకునే ఘాటు.

"అత్తమ్మా, ఆ చివరి జాడీ తేడాగా ఉంది. ఒక్కసారి చూడండి."

పన్‌రే జాడీ మీదికి వంగి, గట్టిగా గాలి పీల్చి, మూత పెట్టేసింది. "పీతల కొట్టులో గులాబీల వాసన వస్తుందా? నీకే ఏ వాసనా పడటం లేదు. మళ్ళీ నెల తప్పావా ఏంటి?"

వంటగదిలో ఉల్లికాడలు తరిగే ఆవిడ కిసుక్కున నవ్వింది.

యొసు అనే ఊళ్ళో, రేవు పక్క సందులో ఉంది ఆ కొట్టు. పచ్చి పీతల్ని సోయా రసంలో ఊరబెట్టి వేడి అన్నంతో పెడతారు. భర్త సముద్రంలో పోయాక పన్‌రే ఒంటిచేత్తో దాన్ని నిలబెట్టింది. రసాన్ని ఎప్పుడు వంపి మళ్ళీ మరిగించాలో, ఏ పీతను తీసి అవతల పారేయాలో ఆమె ముక్కే చెప్పేది. అటుగా నడిచి వెళుతూనే "ఇది రేపటిదాకా ఆగదు" అనేసేది. అలాంటి మనిషి ఈ మధ్య కోడలు ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోవడం లేదు.

"నువ్వైనా వాసన చూడు" అని భర్తను బతిమాలింది హ్యోజిన్.

"తెల్లారకముందు నుంచీ రేవులో చేపల మధ్య తిరిగొచ్చాను. నా ముక్కుకు ఇంకేం తెలుస్తుంది?" అన్నాడు గిల్‌హో, పీతల బుట్ట దించుతూ. "అయినా అమ్మ చేతికి వంక పెట్టేంతదానివయ్యావా?"

అంతకు ముందొకసారి ఆమె ఉండబట్టలేక ఒక జాడీని కాలువలో పారబోసింది. అప్పుడు పన్‌రే గడప మీద కూలబడి, "నా అన్నంలో మన్ను పోసిందిరా" అని వీధంతా వినేలా ఏడ్చింది. ఆ తర్వాత హ్యోజిన్ మరే జాడీనీ ముట్టుకోలేదు.

చివరి జాడీ గురించి చెప్పిన ఆ వారమే హ్యోజిన్ కూతురు దాయూల్ మంచాన పడింది. బడి నుంచి వచ్చిన మనవరాలికి పన్‌రే పీత చిప్పలో అన్నం కలిపి తన చేత్తోనే తినిపించింది. దీపాలు పెట్టేవేళకు పిల్లకు వాంతులు, విరేచనాలు. కళ్ళు లోతుకు పోయాయి. ఆసుపత్రిలో సెలైన్ పెడుతూ డాక్టరు "పచ్చివేమైనా తిన్నదా?" అని అడిగాడు. హ్యోజిన్ నోరు తెరిచేలోపే గిల్‌హో అందుకున్నాడు.

"బడి దగ్గర అడ్డమైనవీ కొనుక్కుని తింటుందండీ."

"మన పిల్లకు మన తిండి పడకపోవడం ఏంటి?" అంటూ పన్‌రే పిల్ల పాదాలు నిమురుతూ కూర్చుంది.

హ్యోజిన్ వరండాలోకి వెళ్ళింది. ఎవరితో చెప్పాలి? చెప్పవలసిన వాళ్ళిద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. గోడకు ఆనుకుని నగరపాలక ఆఫీసుకు ఫోన్ చేసి కొట్టు పేరు చెప్పింది. తన పేరు అడిగితే, "అక్కడ తిన్నదాన్ని" అంది.

మర్నాడే తెల్లటోపీలు పెట్టుకుని ఇద్దరు తనిఖీవాళ్ళు వచ్చారు. జాడీల్లోంచి పీత ముక్కలు తీసుకున్నారు. క్రిముల పరీక్ష కోసం కత్తిపీటల మీద దూది రుద్దారు. పన్‌రే బార్లీ కషాయం ఇస్తే మర్యాదగానే వద్దన్నారు. ఫలితం వచ్చాక, దాయూల్ ఇంటికి చేరిన రోజున, మళ్ళీ వచ్చారు. పీతల్లో రోగక్రిములు ఉన్నాయనీ, కొట్టు మూసేయాలనీ, తమ కళ్ళముందే జాడీలన్నీ పారబోయాలనీ చెప్పారు.

తలుపుకు నోటీసు అంటిస్తున్న తనిఖీ అమ్మాయి చెయ్యి పట్టుకుంది పన్‌రే. "కాస్త కిందికి అంటించు తల్లీ. అంత పైనైతే దారిన పోయేవాళ్ళందరికీ కనబడుతుంది."

"నా చేతుల్లో ఏమీ లేదు, అమ్మమ్మా" అంది ఆ అమ్మాయి, తల దించుకుని.

గిల్‌హోకు కోపం కట్టలు తెంచుకుంది. ఒక్క అంగలో వీధి దాటి, ఎదురుగా ఉన్న చేపల పులుసు కొట్టు ముందు నిలబడ్డాడు. "ఫోన్ చేసింది మీరే కదూ! మా గిరాకీ చూసి కడుపుమంట!"

కొట్టు యజమాని ఓక్‌బున్ గరిటెతోనే బయటికొచ్చింది. "నేనా? నాకేం పనిరా, నా పొయ్యి నేను చూసుకోక?"

"నీ మొగుడు పోయినప్పుడు నీకు కూడు పంపింది నేను కాదుటే?" అంటూ పన్‌రే కూడా గొంతెత్తింది. "ఇదా నువ్వు తీర్చుకున్న రుణం?"

ఓక్‌బున్ ఎత్తిన గరిటె దించేసింది. వీధిలో జనం పోగయ్యారు. ఓక్‌బున్‌కు జరుగుతున్న ఆ అవమానం హ్యోజిన్ చూడలేకపోయింది.

"ఆవిడ కాదు. నేనే చేశాను."

గిల్‌హో వెనక్కి తిరిగాడు. "ఏం వాగుతున్నావ్?"

"పిల్లకు సెలైన్ ఎక్కుతుంటే బయటికెళ్ళి చేశాను. చెబితే విన్నారా? పారబోస్తే ఊరుకున్నారా? నేనింకేం చేయాల్సిందో నువ్వే చెప్పు."

"మా అమ్మ నోటికాడి కూడు లాగేశావు కదే! పో. ఇవాళే మీ పుట్టింటికి పో."

పన్‌రే కోడలి వైపు ఒకసారి చూసింది. లోపలికి నడిచి చివరి జాడీ మూత ఎత్తింది.

వెనకే వచ్చిన గిల్‌హో ముక్కు మూసుకుని గుమ్మం వైపు పరిగెత్తాడు. తనిఖీ అమ్మాయి మొహం తిప్పుకుంది. పన్‌రే మాత్రం మోచేతిదాకా చెయ్యి ముంచి ఒక పీతను తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "బంగారంలాంటి పీత. లోపల గుడ్లున్నాయి చూడరా" అంది ప్రశాంతంగా.

గిల్‌హో మొహంలో రక్తం ఇంకిపోయింది. "అమ్మా... నీకు వాసన రావడం లేదా?"

"ఎందుకు రాదు? పీతల వాసన..." అనబోయి ఆగిపోయింది. అందరి మొహాలూ చూసింది. మెల్లగా పీట మీద కూర్చుంది.

"చలికాలంలో జలుబు చేసి పడుకున్నాను చూడు. లేచేసరికి ఏ వాసనా లేదురా. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకున్నాను."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా, అత్తమ్మా."

"ఏమని చెప్పను? ముక్కు చచ్చిన ముసలిదాన్ని మూల కూర్చోబెట్టరూ? నువ్వు తేడాగా ఉందన్నప్పుడల్లా నాకు గుండెలు జారేవి. భయమేసినకొద్దీ నిన్ను తిట్టేదాన్ని." చేతిలోని పీత జారి కింద పడింది. "ఈ చేత్తోనే పెట్టాను కదే పిల్లకు... అదీ ఎంతో ఇష్టంగా తింది..."

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో దిక్కుతోచనిది తానొక్కతే అనుకుంది హ్యోజిన్. గెలిచానన్న తృప్తి ఎక్కడా లేదు. అత్తది మొండితనం అనుకుంది, భయం అనుకోలేదు. ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"నిన్ను పొమ్మన్నాడు కదూ వీడు?" అంది పన్‌రే కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వెక్కడికీ పోవు. పోవాల్సివస్తే నేను పోవాలి."

గిల్‌హో ఇద్దరి మొహాలూ చూడలేకపోయాడు. చొక్కా చేతులు మడిచి జాడీని ఒక వైపు పట్టుకున్నాడు. రెండో వైపు హ్యోజిన్ పట్టుకుంది. జాడీలన్నీ ఖాళీ అయ్యాక అతను ఓక్‌బున్ గుమ్మం ముందుకెళ్ళి నడుము వంచి చాలాసేపు నిలబడ్డాడు. ఆమె తలుపు తీయలేదు. కొట్టు మళ్ళీ తెరిచినా జనం వస్తారో రారో ఎవరికీ తెలియదు.

కొట్టు పైనున్న ఇంట్లో నిద్రలేచిన దాయూల్ దుప్పటి కప్పుకుని మేడ మెట్లు దిగి వచ్చింది. పన్‌రే చప్పున చేతులు వెనక్కి దాచుకుంది. సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాక గానీ మనవరాలిని ఒళ్ళోకి తీసుకోలేదు. పిల్ల జుట్టులో మొహం దాచుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"దీని తల ఏ వాసన వస్తోందే?" అని అడిగింది కోడల్ని.

హ్యోజిన్ పక్కన కూర్చుని పిల్ల మీదికి వంగింది. "చెమట వాసన. ఆసుపత్రి సబ్బు ఇంకా పోలేదు. చెవుల దగ్గర నిద్ర వాసన..." అంటూ అత్త భుజం మీద తల వాల్చేసింది.

"ఇంకా చెప్పు" అంది పన్‌రే, కళ్ళు మూసుకుని.